నంబర్ ప్లేటు ఎవరు చదవాలి

రిటైరయ్యాక కూడా కర్నూలులో నన్ను రత్నకుమారి అని పిలిచేవాళ్లు తక్కువ. కూరగాయల బజారులో, చర్చిలో, ఆఖరికి కళ్ల డాక్టరు దగ్గర కూడా నేను బ్రేకిన్‌స్పెక్టర్ మేడమ్‌నే. కాగితాల మీద ఆ ఉద్యోగం పేరు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్. బండ్లకు బ్రేకులు పడుతున్నాయో లేదో చూసేవాళ్లం కాబట్టి జనం మాకు ఆ పేరు పెట్టారు. ఆ పిలుపు వినబడితే ఇప్పటికీ నా నడుము నిటారుగా అవుతుంది.

మొన్నామధ్య మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు ముగ్గురు ఇంటికొచ్చారు. మా రోజుల్లో ఆడవాళ్లు లారీ తోలి చూపించి ఈ ఉద్యోగం తెచ్చుకోవడమే వింత. ఇప్పుడు వీళ్లకు అది మామూలు సంగతి. ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పమన్నారు. కాఫీలు అయ్యేలోపే ఒకమ్మాయి మెల్లగా ఇంకో మాట అడిగింది. వాళ్ల మామయ్య కొత్త కారు కొన్నాడట. నంబరును కాస్త అందంగా, తన పేరులా కనబడేటట్టు రాయించుకోవచ్చా అని.

నవ్వొచ్చింది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ పెళ్లిళ్లలోనూ, చావుల దగ్గరా కూడా నన్ను ఈ మాట అడిగినవాళ్లున్నారు. ఆ అమ్మాయికి ఆ రోజు ఒక్క ముక్కలో కూడదని చెప్పి పంపించాను. ఎందుకు కూడదో వివరంగా చెప్పాలనిపించి ఇప్పుడు ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీల గొడవ ఇందులో ఉండదు.

నంబరు కోరుకోవచ్చు, రాత కోరుకోకూడదు

కారు కొనేవాళ్లు రెండు వేరువేరు సంగతులను కలిపేస్తుంటారు. నచ్చిన నంబరు అడగడం ఒకటి. ఆ నంబరును నచ్చినట్టు రాయించుకోవడం ఇంకొకటి.

మొదటిదానికి చట్టంలో దారి ఉంది. ఫ్యాన్సీ నంబరు కావాలంటే శాఖ వెబ్‌సైటులో ఖాళీగా ఉన్నవి చూసుకుని, రుసుము కట్టి పేరు నమోదు చేసుకోవాలి. అదే నంబరును ఇంకొకరు కూడా కోరితే వేలం జరుగుతుంది. ఎక్కువ పాడినవారికి దక్కుతుంది. గడువులోపల బండి రిజిస్టరు చేయించుకోకపోతే ఆ హక్కు పోతుంది. ఇందులో తప్పేమీ లేదు. పుట్టినరోజు కావాలనేవాళ్లుంటారు, కూడితే తొమ్మిది రావాలనేవాళ్లుంటారు. ఎవరి ముచ్చట వాళ్లది.

రెండోదానికి దారి లేదు. సొంత కారుకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు. బాడుగ బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. కరెంటు బండికి ఆకుపచ్చ ప్లేటు. అక్షరం ఎత్తు, మందం, మధ్యలో వదిలే ఖాళీ కూడా నిబంధనల్లోనే ఉన్నాయి. ప్లేటు మీద నంబరు తప్ప పేరు, కులం, పార్టీ గుర్తు, దేవుడి బొమ్మ ఏదీ ఉండకూడదు. ఇప్పుడు వేసే హై సెక్యూరిటీ ప్లేటు అల్యూమినియంది. దానిమీద చక్రం బొమ్మతో మెరిసే చిన్న ముద్ర ఉంటుంది. లేజరుతో చెక్కిన ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఏ బండిదో, ఆ బండి ఇంజను, ఛాసిస్ నంబర్లేమిటో ప్రభుత్వ రికార్డులో జత చేసి ఉంటాయి. ప్లేటును బిగించే లాకు ఒక్కసారే పడుతుంది. ఊడదీయాలంటే విరగ్గొట్టాల్సిందే, మళ్లీ వాడలేం.

ఆ ప్లేటును అనుమతి ఉన్న తయారీదారులే చేయాలి. కొత్త బండికి షోరూమ్‌లోనే బిగించి ఇస్తారు. పాత బండికి కావాలంటే ఆర్సీ వివరాలతో దరఖాస్తు చేసుకోవాలి. ప్లేటు పోయినా, ఎవరైనా దొంగిలించినా పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, దాన్ని చూపించి కొత్తది తీసుకోవాలి. అంతేగాని బజారులో స్టిక్కర్లు కోసే అంగడికి పోయి, నోటితో నంబరు చెప్పి ప్లేటు చేయించుకుంటే చేయించినవాడిదీ తప్పే, చేసినవాడిదీ తప్పే.

ఇన్ని నిబంధనలు ఎందుకు, మా ప్రాణం తీయడానికా అని అడిగేవాళ్లు ఉన్నారు. ఉద్యోగంలో చేరినప్పుడు నాకూ ఆ అనుమానం ఉండేది.

రంగనాయకులు సారు

నన్ను మొదట కర్నూలులో వేశారు. అక్కడ మా పై అధికారి రంగనాయకులు సారు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. నేను చేరిన వారంలోనే జీపు ఎక్కించుకుని నంద్యాల రోడ్డుకు తీసుకుపోయి, తంగెడు పొదల పక్కన నిలబెట్టాడు. బండ్లు ఆపొద్దు, పోయే బండ్ల నంబర్లు చదివి చెబితే చాలు అన్నాడు.

చదువుతూ పోయాను. మట్టి కొట్టుకున్న లారీలు కూడా ఎలాగో చదివాను. అంతలో ఒక జీపు దూసుకుపోయింది. దాని ప్లేటు మీద ఐదును ఎస్ లాగా, ఒకటిని ఐ లాగా, ఏడును టీ లాగా, నాలుగును ఏ లాగా వంచి రాయించారు.

"ఏం చదివినావమ్మా?" అన్నాడు సారు.

"సీత అని ఉంది సార్."

"ఆ బండి ఒక మనిషిని తొక్కి పోయిండాదనుకో. పోలీసోళ్లకు పోయి సీత గుద్దింది అని చెప్తావా?"

అప్పుడాయన చెప్పిన మాటతోనే నా ఉద్యోగమంతా నడిచింది. ప్లేటు బండి ఓనరు చూసుకుని మురిసిపోవడానికి కాదన్నాడు. రోడ్డు మీద పడిపోయినవాడు, వాడి పక్కన నిలబడినవాడు ఒక్క చూపులో చదువుకోవడానికి అన్నాడు. చదువు పెద్దగా లేని మనిషికి కూడా ఆ నాలుగు అంకెలు కంట్లో పడాలి. అందుకే అక్షరం కొలత చట్టంలో రాశారు.

నాకు ఎందరో అధికారులు వచ్చారు, పోయారు. కొందరు ఫైలు తొందరగా కదిలితే సంతోషించేవాళ్లు. రంగనాయకులు సారు ఆ ఫైలు వెనక మనిషెవరో చూపించేవాడు. కొత్తగా చేరినవాళ్లకు అలాంటి మొదటి అధికారి దొరకడం అదృష్టం. నాకు దొరికాడు.

మా అన్న కారు

శివరాత్రి రోజుల్లో మహానందికి, శ్రీశైలానికి పోయే బండ్లతో నంద్యాల చుట్టుపక్కల రోడ్లు కిక్కిరిసిపోతాయి. ఒక ఏడు మహానంది దారిలో నాకు డ్యూటీ పడింది. పొద్దున్నుంచి ప్లేట్ల మీద అంటించిన త్రిశూలాలు, ఓంకారాలు తీయిస్తున్నాను. భక్తులకు కోపం రావడం సహజం. ఒక పెద్దాయన, ఈమెది వేరే మతం గాబట్టే ఇట్ల చేస్తాంది అని వెనక గొణగడం నా చెవిన పడింది. తర్వాతి బండిని ఆపాను.

మధ్యాహ్నం ఒక కారు ఆపితే అందులో మా అన్న జాన్‌ప్రసాద్ ఉన్నాడు. అన్న నంద్యాల పక్క పల్లెలో పాస్టరు. మా తాతల నాటి నుంచి మాది చర్చి కుటుంబం. అన్న కారు ప్లేటు మీద బైబిలు వాక్యం అంటించి ఉంది. ఆ అక్షరాల కింద నంబరు సగమే కనబడుతోంది. గొణిగిన పెద్దాయన బండి ఇంకా అక్కడే ఉంది. ఆయన చూస్తూనే ఉన్నాడు.

నేను చలానా రాశాను. అన్న అద్దం దించి నా ముఖంలోకి చూశాడు.

"చెల్లీ, దేవుని వాక్యానికి ఫైను ఏస్తాండావా?"

"వాక్యానికి కాదన్నా. అది కప్పిన నంబరుకు."

స్టిక్కరు ఊడి రావడం లేదు. ఆ పెద్దాయనే తన బండిలోంచి నీళ్ల సీసా తెచ్చి, గోటితో గీకి అన్నకు సాయం చేశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, తప్పుగా అనుకున్నానమ్మా అని చెప్పి పోయాడు. ఆ రాత్రి నేను ఫోను చేస్తే అన్న ఎత్తలేదు. మరుసటి ఆదివారం చర్చిలో ఆ కథను తనే అందరికీ చెప్పి, మా చెల్లి నాకే ఫైను వేసింది అని గర్వంగా చెప్పుకున్నాడట. మా వదిన ఫోనులో చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయింది.

పులివెందులలో తెల్ల కారు

ఇప్పుడు అసలు కేసు చెబుతాను. అప్పటికి నన్ను కడప జిల్లాకు మార్చారు.

ఓబులేసు అనే మనిషి తుమ్మలపల్లె యురేనియం గనిలో కార్మికుడు. ఒక సాయంత్రం షిఫ్టు దిగి మోపెడ్ మీద ఇంటికి పోతుంటే వెనక నుంచి ఒక తెల్ల కారు గుద్దింది. ఆపకుండా పోయింది. అరటి తోటలో పనిచేసేవాళ్లు చూసి ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. తొడ ఎముక విరిగింది, తలకు దెబ్బ తగిలింది. కడప ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. ఆయన జీతమే ఆధారం.

పులివెందులలో ఎస్సై హరినాథ్ అని కుర్రవాడు. చురుకైనవాడు. ఆ దారిలోని పెట్రోలు బంకు కెమెరాలో, ఎడమ పక్క హెడ్‌లైటు పగిలిన తెల్ల కారు పోవడం కనిపెట్టాడు. నంబరు కూడా దొరికింది. రికార్డులో చూస్తే అది జమ్మలమడుగులో నేత పనిచేసే వెంకటరమణ కారు. కారును, మనిషిని స్టేషన్‌కు తెచ్చారు.

యాక్సిడెంటు జరిగిన బండిని పరీక్షించి నివేదిక ఇవ్వడం మా ఉద్యోగంలో భాగం. బ్రేకులు, స్టీరింగు బాగున్నాయా, బండిలో లోపం వల్ల ప్రమాదం జరిగిందా అనేది రాయాలి. అలా నన్ను పిలిచారు.

నేను వెళ్లేసరికి వెంకటరమణ స్టేషన్ వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. భార్య పద్మావతి పక్కన నిలబడి ఉంది. మగ్గం మీద తీసిన నూలు చీరలు కడప అంగళ్లకు చేరవేసుకోవడానికి ఆ కారును సెకండు హ్యాండులో కొన్నారట. ఆ సాయంత్రం కారు ఇంటిముందే ఉందని, తాము మగ్గం గుంతలోనే ఉన్నామని ఆమె చెబుతోంది. ఇరుగుపొరుగు చెప్పే సాక్ష్యం అయినవాళ్ల సాక్ష్యమేనని హరినాథ్ పట్టించుకోలేదు.

కారు చుట్టూ ఒకసారి తిరిగాను. హెడ్‌లైట్లు రెండూ ఎండకు ఒకేలా పచ్చబడి ఉన్నాయి. ఒకటి కొత్తగా మార్చి ఉంటే అది తెల్లగా మెరుస్తుంది. బిగించిన బోల్టుల మీద పెయింటు చెదరలేదు. బంపరు మీద పాత గీతలే తప్ప కొత్త దెబ్బ లేదు. తర్వాత కెమెరా వీడియో చూపించమన్నాను. అందులో నంబరు ఇదే. కాని అంకెలు లావుగా, ఉబ్బెత్తుగా, పక్కకు వాలి ఉన్నాయి. ముందు అక్షరాలు చిన్నవి, చివరి నాలుగు అంకెలు పెద్దవి. నా ముందున్న కారుకు నిబంధనల ప్రకారం అల్యూమినియం ప్లేటు ఉంది.

"ప్లేటు మార్చేసింటాడు మేడమ్. గుద్దినాక పాతది తగిలించుకున్నాడు, అంతే," అన్నాడు హరినాథ్.

అది తెలివైన మాటే. ఆ అనుమానం రావలసిందే. అతన్ని కారు వెనక్కు పిలిచి మోకాళ్ల మీద కూర్చోమన్నాను. లాకుల చుట్టూ పేరుకున్న మట్టిని చూపించాను. అది ఏళ్ల తరబడి గట్టిపడిన మట్టి. లాకు తీసి ఉంటే విరిగిపోయి ఉండాలి. ముందు వైపూ అంతే. ప్లేటు మీద లేజరు సంఖ్యను రికార్డుతో సరిచూశాం. అది ఈ బండిదే. ఛాసిస్ నంబరూ ఇదే. బండికి తగిలించిన రోజు నుంచీ ఈ ప్లేట్లు కదలలేదు.

హరినాథ్ లేచి మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. తర్వాత, "అట్లయితే ఇంకో కారు ఉండాది," అన్నాడు. అనుకున్నది మార్చుకోవడానికి అతనికి రోషం అడ్డం రాలేదు. ఆ గుణం నాకు నచ్చింది.

ఇద్దరం ప్రమాదం జరిగిన చోటికి పోయాం. రోడ్డు పక్క ముళ్లకంపలో నల్లటి, ఉబ్బెత్తు ప్లాస్టిక్ ముక్క దొరికింది. తొమ్మిది అంకెలో కింది సగం. హరినాథ్ సాక్షుల ముందు దాన్ని స్వాధీనం చేసుకున్నాడు.

రెండు లైన్ల నివేదిక

మధ్యాహ్నానికి మా కడప ఆఫీసు నుంచి ఫోను. అప్పటి మా అధికారి పేరు రాయను. బండిలో యంత్ర లోపం లేదు అని రెండు లైన్లు రాసి పంపెయ్యండి, మిగతాది పోలీసుల పని, మనకెందుకు అన్నాడు. నిజానికి మా నివేదికలో అడిగేది అంతే. అంతవరకే రాసి ఉంటే నన్ను తప్పు పట్టేవాళ్లు లేరు. ఆ రెండు లైన్లతో వెంకటరమణ జైలుకు పోయేవాడు.

నేను చూసింది చూసినట్టు రాశాను. లైట్లు, బోల్టులు, బంపరు, ప్లేటు, లాకులు, లేజరు సంఖ్య, ఫోటోలతో సహా. ఈ బండి ఆ ప్రమాదం చేసిందనడానికి దీనిమీద ఏ గుర్తూ లేదని చివర రాసి సంతకం పెట్టి, అక్కడే స్టేషన్‌లో ఇచ్చేశాను. కొత్తవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఫారంలో గడి చిన్నదని మీరు చూసింది చిన్నది కాదు. ఇంకో కాగితం జత చేయొచ్చు. నన్నెవరూ ఆపలేదు, ఆపలేరు కూడా.

బయటికొస్తుంటే పద్మావతి ఎదురొచ్చింది. ఆ నంబరు మీద ఎవరికైనా కన్నుందా అని ఊరికే అడిగాను.

"ఉండాది మేడమ్మా. పోయిన ఏడాది ఒక బ్రోకరు వచ్చినాడు. ఎవరో కాంట్రాక్టరుకు మా నంబరే కావల్లంట, కూడితే తొమ్మిది వస్తాదంట. కారు అమ్మండి, నంబరు కోసం కొంటాం అన్నాడు. మా ఆయన ఇయ్యల్యా."

ఆ కాంట్రాక్టరు పేరు ఆమె చెప్పింది. శేషాద్రి. గనికి లారీలు తిప్పేవాడు. రోజూ అదే రోడ్డు మీద తిరిగే మనిషి.

ఖాదర్‌బాషా

పేరు తెలిసినంత మాత్రాన కేసు నిలబడదు. శేషాద్రి కారు అప్పటికే కనబడకుండా పోయింది. తన కారు ఎప్పుడో అమ్మేశానని అతను చెబుతున్నాడు. ప్లేటు చేసిన మనిషి దొరకాలి. కడపలో అలాంటి అంగళ్లు నాకు తెలుసు. తనిఖీల్లో చాలామందిని హెచ్చరించి ఉన్నాను. హరినాథ్, నేను ఒక్కో అంగడికీ పోయాం. కొందరు ముక్క చూడగానే తల తిప్పేసుకున్నారు.

ఖాదర్‌బాషా అంగడి బస్టాండు వెనక సందులో ఉంది. యాభై దాటిన మనిషి. గుడ్డ బ్యానర్లకు కుంచెతో రాసే రోజుల నుంచీ ఆ పనిలోనే ఉన్నాడు. కుంచె పోయి మిషను వచ్చాక స్టిక్కర్లు, ప్లేట్లు మొదలుపెట్టాడు. ముక్క చేతిలోకి తీసుకోగానే అతని ముఖం మారిపోయింది. తొమ్మిది కింది తోకను వంకీలా తిప్పడం అతని అలవాటు. అదే వంకీ ఎదురుగా గోడకున్న నమూనా మీద కూడా ఉంది. ముగ్గురం చూశాం.

హరినాథ్ గట్టిగా అడగబోయాడు. నేను ఆపాను. ముందు నేనొక మాట చెప్పాలి.

"ఖాదర్ భాయ్, ఇది నువ్వే చేసినావని చెప్తే నీ మీద కూడా కేసు అయితాది. ఆర్సీ అడగకుండా, అనుమతి లేకుండా ప్లేటు చేసినావు. అది తెలుసుకోని మాట్లాడు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా చెప్తా. చేయనోడు లోపలికి పోతాడు."

ఇది నేను చెప్పకుండా ఉంటే అతన్ని మాటల్లో పెట్టి రాబట్టడం తేలికే. అలా రాబట్టిన సాక్ష్యం కోర్టులో ఎదురు తిరుగుతుంది. అది ఒక కారణం. ఇంకో కారణం, అతనికి ఏం జరగబోతోందో తెలిసే హక్కు అతనికుంది.

ఖాదర్‌బాషా మిషను ఆపేశాడు. అంగడి ముందు నిలబడిన గిరాకీని రేపు రమ్మని పంపించాడు. కాసేపటికి, దెబ్బ తగిలినాయప్ప ఎట్ల ఉండాడు అని అడిగాడు. ఇంకా స్పృహ రాలేదన్నాను.

"పిల్లోళ్లు ఉండారా?"

"ఇద్దరు."

అతను ఆ ముక్కను నా చేతిలో తిరిగి పెట్టాడు.

"చేసింది నేనే మేడమ్. శేషాద్రి పంపిన మనిషి కాదు, శేషాద్రే వచ్చినాడు. కాగితాలు ఏవీ అంటే, నా నంబరు నాకు తెలియదా అన్నాడు. నేను అడుగుదామని నోరు తెరిచి మూసుకున్నా. యాడ చెప్పమన్నా చెప్తా."

అతని మాట మీద హరినాథ్ వెతుకులాట పెంచాడు. ఎర్రగుంట్ల వైపు ఒక షెడ్డులో టార్పాలిన్ కింద తెల్ల కారు దొరికింది. ప్లేట్లు పీకేసి ఉన్నాయి. ఎడమ హెడ్‌లైటు కొత్తది. మళ్లీ నన్నే పిలిచారు. ఛాసిస్ నంబరు తుడిచి చూస్తే అది కర్ణాటక బండి. మన రాష్ట్రంలో పన్ను కట్టలేదు, పేరు మార్పించలేదు. తన నంబరుగా చూపించుకోవడానికి దానికి ఇక్కడ నంబరే లేదు. కోరుకున్న నంబరు అప్పటికే ఒక నేతగాడి కారుకు ఉందని తెలిసి, అమ్మనంటే, ఊరికే రాయించుకుని తగిలించేశాడు. బంపరు లోపలి ఇనుప పట్టీకి ఓబులేసు మోపెడ్ నీలం రంగు అంటుకుని ఉంది. బంపరు మార్చినవాళ్లు లోపల చూడలేదు. నేను చూశాను.

ఆ వారంలో శేషాద్రి ఒకసారి నా ఆఫీసుకొచ్చాడు. మర్యాదగానే కూర్చున్నాడు. మొదటి నివేదికను కొంచెం కుదించి రాస్తే అందరికీ మంచిదన్నాడు. ఇచ్చిన నివేదిక స్టేషన్‌లో ఉందని, రెండోది కూడా సాయంత్రానికి పోతుందని చెప్పాను. నాకు బదిలీ వస్తుందన్నాడు. రావచ్చు అన్నాను. మూడు నెలలకు వచ్చింది కూడా. ఆ బదిలీ కాగితం అందుకున్నప్పుడు నాకు బాధ కలగలేదు. సంచి సర్దుకుంటూ నాలో నేను నవ్వుకున్నాను.

సాక్షి

వెంకటరమణను అంతకు ముందే వదిలేశారు. కారు తిరిగి ఇచ్చారు. ఓబులేసుకు మెల్లగా తెలివి వచ్చింది. చాలా నెలలు మంచంలో ఉన్నాడు. కేసు విచారణకు వచ్చేసరికి నేను వేరే జిల్లాలో ఉన్నాను. సమను అందగానే సెలవు పెట్టి వచ్చాను.

శేషాద్రి తరఫు లాయరు నన్ను చాలాసేపు అడిగాడు. మీరు బ్రేకులు చూసే ఆఫీసరు గదా, ప్లేటు మార్చలేదని ఎట్ల చెప్పగలరు అన్నాడు. ఒక లాకును నేను వెంట తీసుకుపోయాను. జడ్జిగారి అనుమతితో దాన్ని బిగించి, తీసి చూపించాను. తీయగానే అది రెండు ముక్కలైంది. లాయరు ఆ ముక్కలు చూసి ఇంకో ప్రశ్నకు పోయాడు.

తర్వాత ఖాదర్‌బాషా బోను ఎక్కాడు. అతని మీద కేసు అప్పటికే పడింది. జరిమానా కట్టాడు. కొన్నాళ్లు అంగడి మూసుకున్నాడు. కావాలంటే ఆ రోజు గుర్తులేదని తప్పుకోవచ్చు. అలా తప్పుకోమని అతనికి చెప్పి పంపినవాళ్లు ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. లాయరు అదే పట్టుకున్నాడు. పోలీసులు బెదిరిస్తే ఒప్పుకున్నావు కదా అన్నాడు.

"ఎవురూ బెదిరించలేదు సార్," అన్నాడు ఖాదర్‌బాషా. "నాకు కేసు అయితాదని ముందే చెప్పినారు. అయింది. అయినాక గూడా చెప్తాండా, ఆ ప్లేటు నేను చేసింది. చేయించింది ఆ నిలబడినాయప్ప."

కోర్టు హాల్లో అందరూ శేషాద్రి వైపు చూశారు. అతను తల దించుకున్నాడు.

తీర్పు వచ్చిన రోజు కూడా పోయాను. శిక్ష పడింది. ఓబులేసుకు నష్టపరిహారం ఇప్పించే కేసు వేరే నడిచి, అది కూడా వాళ్లకు అనుకూలంగానే వచ్చింది. గనిలో గేటు దగ్గర కూర్చుని చేసే పని ఇచ్చారు. పిల్లల చదువు ఆగలేదు. నా సర్వీసులో ఎన్నో బండ్లు పరీక్షించాను. నా పని ఒక ఇంటిని కూలకుండా నిలబెట్టిందని, ఇంకో ఇంటి పరువు కాపాడిందని కచ్చితంగా చెప్పగలిగేది ఈ కేసులోనే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

తీర్పు తర్వాత బయటికొస్తే, కోర్టు మెట్ల కింద ఓబులేసు చేతికర్ర మీద నిలబడి ఉన్నాడు. భార్య అతని మోచేయి పట్టుకుని ఉంది. ఖాదర్‌బాషా వాళ్లను చూసి పక్కనుంచి తప్పుకు పోబోయాడు. విచారణకు ఇద్దరూ వేరువేరు రోజుల్లో వచ్చారు కాబట్టి ఒకరికొకరు తెలియదు. ఓబులేసు నన్ను అడిగాడు, ప్లేటు చేసినాయప్ప ఎవరు మేడమ్ అని. నేను చూపించాను.

ఓబులేసు భార్య చేయి విడిపించుకున్నాడు. కర్ర ఊనుకుంటూ ఒక్కో అడుగే వేసి అతని ముందుకు పోయాడు. ఖాదర్‌బాషా కదలకుండా నిలబడిపోయాడు.

"నువ్వు చెప్పకుంటే నన్ను గుద్దింది ఎవరో నాకు ఈ జన్మలో తెలిసేది కాదప్పా," అని ఓబులేసు చేయి చాచాడు.

ఖాదర్‌బాషా రెండు చేతులతో ఆ చేయి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ఆ ఇద్దరినీ అలాగే వదిలి నేను బస్టాండు వైపు నడిచాను. మరుసటి రోజు పొద్దున్నే నాకు డ్యూటీ ఉంది.